జీవము పుట్టుక – మన విశ్వాసము
(మన సంఘము వార్షిక సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ముందుగా ఒక మాట. మేము ఉర్దూ మీడియం పంతులము. క్లాసులో జీవకణమును ఖలియా అంటాము, పరిణామమును ఇర్తిఖా అంటాము. ఉర్దూలోనే మాట్లాడుతామని కార్యదర్శి గారితో అన్నాము. ఆయన నవ్వి, "సర్, మన పిల్లల్లో సగం మందికి ఉర్దూ చదవడం రాదు, సంచికలో అచ్చు వేయాలి, తెలుగులోనే కానివ్వండి" అన్నారు. కనుక మా తెలుగులో తప్పులు దొర్లితే మన్నించవలెను. తప్పు భాషలో ఉంటే సరే, విషయములో ఉంటే మాత్రం లేచి అడగండి. అడగవద్దని ఒకసారి ఒకరితో అని, మేము చాలా నష్టపోయాము. ఆ సంగతే ముందు చెప్పుకుంటాము.

పదిహేనేండ్ల క్రిందటి మాట. తొమ్మిదవ తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. తండ్రికి పంక్చర్ అంగడి. చేతులు ఎప్పుడూ నల్లగా, బుర్ర మాత్రం మహా చురుకు. ఎక్కడ చదివాడో ఏమో, ఒకరోజు లేచి నిలబడి, "సర్, అమెరికాలో ఒకాయన సీసాలో కరెంటు పెట్టి జీవానికి కావలసిన వస్తువులు తయారు చేశాడంట. మరి అవి వాటంతట అవే తయారైతే, ఖుదా చేసింది ఏమిటి?" అన్నాడు. క్లాసు అంతా మా ముఖము వంక చూచింది. మాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పడానికి నామోషీ అయినది. "బైఠ్ జా! ఇలాంటి సవాళ్ళతో ఈమాన్ పోతుంది" అని గట్టిగా కసిరాము. వాడు కూర్చున్నాడు. ఆ సంవత్సరము మళ్ళీ ఒక్క సవాలు అడగలేదు. పది పాసై, కడప జిల్లా కుర్రవాళ్ళు వేల మంది పోయినట్లే కువైట్ పోయాడు.

గడచిన రంజానులో సెలవు మీద వచ్చాడు. మసీదులో వుజూ చేసుకొనుచుండగా పక్కన కూర్చొని సలాం చెప్పి, "సర్, ఆ రోజు అడిగినదానికి జవాబు బాకీ ఉన్నారు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని మాకు నవ్వు రాలేదు. ఆ తరువాత అసలు సంగతి చెప్పాడు. వాడి అక్క కూతురు ఇంటర్ బైపీసీ చదువుచున్నది. మంచి మార్కులు. జంతుశాస్త్రములో జీవపరిణామము పాఠము చూచి ఇంట్లో పెద్దలు భయపడి, ఆ గ్రూపు మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టే ఆలోచనలో ఉన్నారట.

గత నెల మన కార్యవర్గ సమావేశములో కూడా ఇదే మాట వచ్చినది. మన సాయంకాలపు ట్యూషనులో ఆ ఒక్క పాఠము వదిలివేస్తే బాగుంటుందని ఒక పెద్దాయన అన్నారు. ఆయన చెడ్డ ఉద్దేశముతో అనలేదు. ఆ ట్యూషను గదిలో తిరుగుచున్న రెండు ఫ్యాన్లు ఆయన ఇచ్చినవే. పిల్లల ఈమాన్ మీద ప్రేమతోనే అన్నారు. అందుకే ఆయనకు, ఆ కువైట్ కుర్రవాడికి కలిపి ఈ రోజు జవాబు చెప్పదలచినాము.

మొదట సైన్సు చెప్పే సంగతి ఏమిటో చూద్దాము. భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరములు అని లెక్క కట్టారు. తొలుత అది మండుచున్న గోళము. చల్లబడి నీరు నిలిచినది. 350 కోట్ల సంవత్సరాల నాటికే జీవము ఉన్నదనడానికి ఆస్ట్రేలియా పడమటి భాగపు రాళ్ళలో గుర్తులు దొరికినవి. ఏనుగులు, గుర్రాలు కాదు, కంటికి కనబడని సూక్ష్మజీవులు. మరి రాయి, నీరు, గాలి తప్ప ఏమీ లేని చోట ఆ మొదటి జీవి ఎట్లు వచ్చినది? ఇదే ప్రశ్న.

1924లో రష్యాలో ఒపారిన్ అనే ఆయన, 1929లో ఇంగ్లండులో హాల్డేన్ అనే ఆయన, ఒకరి సంగతి మరొకరికి తెలియకుండానే దగ్గర దగ్గర ఒకే ఊహ చేశారు. ఆనాటి గాలిలో ప్రాణవాయువు లేదు. సూర్యరశ్మి, మెరుపుల శక్తితో వాయువులు కలిసి కొత్త పదార్థములై సముద్రములో చేరినవి. ఆ నీరు పలుచని వేడి చారు వలె తయారై అందులో నుండి క్రమముగా జీవము మొదలైనది అని.

ఈ హాల్డేన్ మనకు పరాయివాడు కాడు. ఆయన 1957లో కలకత్తా వచ్చి, మన దేశ పౌరుడై, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో మరణించారు. ఆయన కోరిక ప్రకారమే ఆయన భౌతికకాయమును కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చినారు, పిల్లలు చదువుకొనుటకు. ఆయన దేవుడిని నమ్మలేదు. ఆ విషయములో ఆయన దారి వేరు, మన దారి వేరు. కాని చచ్చిన తరువాత కూడా మన తెలుగు పిల్లలకు పాఠము చెప్పిన మనిషిని శత్రువు అనుటకు మాకు నోరు రాదు.

1953లో అమెరికాలోని షికాగోలో మిల్లర్ అనే 23 ఏండ్ల విద్యార్థి, యూరే అనే తన ప్రొఫెసరు దగ్గర, ఆ ఊహను సీసాలో పెట్టి చూచిన ఫలితము ప్రకటించాడు. మా కుర్రవాడు అడిగినది దీని గురించే. ఒక సీసాలో నీరు మరిగించి ఆవిరి చేశాడు. మీథేన్, అమ్మోనియా, హైడ్రోజను వాయువులు కలిపాడు. మెరుపులకు బదులు కరెంటు నిప్పురవ్వలు పుట్టించాడు. ఒక రోజుకు నీరు గులాబీ రంగు తిరిగింది, వారము నాటికి ఎర్రబడినది. పరీక్షించి చూడగా అందులో గ్లైసీన్, అలనీన్ వంటి అమైనో ఆమ్లములు ఉన్నవి. మన కండ, వెంట్రుక, గోరు అన్నీ ప్రోటీన్లు; ప్రోటీన్లు ఈ అమైనో ఆమ్లములు గుదిగుచ్చిన దండలు. మిల్లర్ దాచిపెట్టిన పాత సీసాలను ఆయన పోయిన తరువాత, 2008లో, కొత్త యంత్రములతో మళ్ళీ చూస్తే ఆయన కనుగొన్నవాటి కంటె ఎక్కువే బయటపడినవి.

ఆకాశము నుండి కూడా సాక్ష్యము వచ్చినది. 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్ దగ్గర పడిన ఉల్కలో అమైనో ఆమ్లములు దొరికినవి. 2023లో అమెరికా వారి నౌక బెన్ను అనే గ్రహశకలపు మట్టిని భూమికి తెచ్చినది. జీవుల ప్రోటీన్లలో వాడుకలో ఉన్న 20 అమైనో ఆమ్లములలో 14 ఆ మట్టిలో ఉన్నవని 2025లో చెప్పారు. అంటే జీవానికి కావలసిన ఇటుకలు అల్లాహ్ సృష్టిలో ఎక్కడ పడితే అక్కడ ఉన్నవన్న మాట.

అయితే ఇటుకల కుప్ప ఇల్లు కాదు. అమైనో ఆమ్లములు జీవము కావు. అసలు ఆనాటి గాలి మిల్లర్ అనుకున్న రకముగా ఉండకపోవచ్చునని, కార్బన్ డయాక్సైడు, నత్రజని ఎక్కువగా ఉండవచ్చునని తరువాతి శాస్త్రజ్ఞులే అన్నారు. ఆర్.ఎన్.ఎ. అనే పదార్థము సమాచారమును మోయుటే కాక తానే రసాయన క్రియలు కూడా నడపగలదని కనుగొన్నందుకు చెక్, ఆల్ట్‌మన్ అనే ఇద్దరికి 1989లో నోబెల్ బహుమానము వచ్చినది. జీవము మొదలు అక్కడ ఉన్నదేమో అని కొందరు వెదుకుచున్నారు. 1977లో సముద్రపు అడుగున వేడి నీటి ఊటలు కనబడినవి. అక్కడ మొదలైనదేమో అని మరికొందరు. 2016లో అమెరికాలో ఒక సూక్ష్మజీవిని 473 జీన్లతో బ్రతికేటట్లు కుదించి చూపారు. అందులో 149 జీన్లు చేయుచున్న పని ఏమిటో అప్పటికి వారికే అంతు పట్టలేదు. అది కూడా ఉన్న కణములో కొత్త జన్యు సామగ్రి పెట్టి చేసినదే గాని శూన్యము నుండి చేసినది కాదు. ఉట్టి రసాయనములతో బ్రతికిన కణమును ఈనాటి దాకా ఎవరూ చేయలేదు.

ఇక్కడ మనవారు చప్పట్లు కొడతారు. "చూచారా, చేయలేకపోయారు, కనుక దేవుడు ఉన్నాడు" అంటారు. మేమూ చాలా కాలము ఇట్లే చెప్పేవారము. ఇప్పుడు చెప్పము. ఎందుకంటే రేపు ఎవరైనా చేస్తే? ఆనాడు మన పిల్లవాడు మన దగ్గరకు వచ్చి, "సర్, చేయలేరని కదా దేవుడు ఉన్నాడన్నారు, ఇప్పుడు చేశారు, మరి?" అంటే ఏమి చెప్పాలి? అది ఏటి ఇసుకలో గుంజ పాతి పందిరి వేసినట్లు. నీళ్ళు వచ్చేదాకా పందిరి బాగానే ఉంటుంది.

ఇంకొక సంగతి చెబితే మీకు ఆశ్చర్యము కలుగవచ్చును. నిర్జీవ పదార్థము నుండి జీవము పుట్టుట మతానికి విరుద్ధమనే భయము మన పూర్వీకులకు లేదు. కుళ్ళిన మాంసము నుండి ఈగలు, బురద నుండి పురుగులు తమంతట పుట్టునని ముస్లిములు, క్రైస్తవులు, తక్కినవారు అందరూ వేల ఏండ్లు నమ్మినారు. 1668లో ఇటలీలో రెడి అనే వైద్యుడు మాంసపు పాత్రకు పలుచని గుడ్డ కట్టి, ఈగ వాలకపోతే పురుగు పుట్టదని చూపాడు. 1860 ప్రాంతములో ఫ్రాన్సులో పాశ్చర్ హంస మెడ వంటి గొట్టము ఉన్న సీసాలలో కాచిన రసము పోసి, దుమ్ము చేరకపోతే సూక్ష్మజీవి కూడా పుట్టదని రుజువు చేశాడు. ఆ తరువాతనే "జీవము జీవము నుండే వచ్చును, కనుక మొదటి జీవము వెనుక నేరుగా దేవుని చేయి తప్ప మరొకటి లేదు" అనే వాదము బలపడినది. అంటే మన ఈ భయము వయస్సు 160 ఏండ్లు. మన దీను వయస్సు 1400 ఏండ్లకు పైన.

స్పెయిను దేశపు ఇబ్న్ తుఫైల్ పేరు ఎంతమంది విన్నారు? 1185లో మరణించిన గొప్ప ముస్లిం వైద్యుడు, తత్త్వవేత్త. ఆయన 'హయ్ ఇబ్న్ యఖ్జాన్' అని ఒక కథ రాశాడు. మనుషులు లేని ద్వీపములో ఒంటరిగా పెరిగి, కేవలము చూచి, ఆలోచించి అల్లాహ్‌ను తెలుసుకొన్న పిల్లవాడి కథ. ఆ పిల్లవాడు ఆ ద్వీపములోనికి ఎట్లు వచ్చాడని ఇబ్న్ తుఫైల్ రెండు విధములుగా చెప్పాడు. ఒకటి, తల్లి పెట్టెలో పెట్టి సముద్రములో విడిచినది. రెండవది చూడండి – ఆ ద్వీపములో మట్టి ఏండ్ల తరబడి పులిసి, వేడి, చలి, తేమ, పొడి సరిపాళ్ళలో కుదిరి, అందులో బుడగ వంటిది లేచి, దానికి అల్లాహ్ వద్ద నుండి రూహ్ వచ్చి చేరినది. పైగా ఆ ద్వీపము హిందూ దేశపు ద్వీపములలో ఒకటి అని రాశాడు! మట్టి పులియుట, రూహ్ వచ్చుట – రెండింటిని ఒకే వాక్యపు త్రోవలో నడిపించాడు ఆ మహానుభావుడు. మట్టి పులిసినది కనుక అల్లాహ్ అక్కర లేదని ఆయనకు తోచలేదు. ఆ రసాయనము ఈనాడు చెల్లదు, అది వేరే సంగతి. ఆయన గుండె ధైర్యము చెల్లుతుంది.

ఆ తరువాతి ఆలిములలోనూ అటువంటివారు ఉన్నారు. 1888లో లెబనాన్ ట్రిపోలీ ఊరి హుసైన్ అల్ జిస్ర్ అనే ఆలిం, పరిణామము నిజముగా రుజువైన పక్షములో దానిని ఖురాన్‌తో సరిపుచ్చుకొనవచ్చునని రాశారు. మన కాలములో జోర్డాను దేశపు రానా దజానీ అనే జీవశాస్త్రవేత్త, తలకు హిజాబ్ కట్టుకొని, ముస్లిం విద్యార్థులకు పరిణామము బోధించుచున్నట్లు 2015లో 'నేచర్' పత్రికలో రాశారు. పరదా వెనుక ఉన్న అమ్మలు ఈ పేరు గుర్తు పెట్టుకోండి. ఆదం అలైహిస్సలాం విషయము మేము ముట్టుకొనుట లేదు. అది ఉలమా పెద్దల పని, అందులో వారికే అభిప్రాయభేదములు కలవు. ఈ రోజు మా మాట మొదటి సూక్ష్మజీవి వరకే.

ఖురాన్ షరీఫ్‌లో సూరా అంబియాలో ప్రతి జీవికి నీటితో ఉన్న సంబంధము ప్రసక్తి కలదు. అది చదివినప్పుడు మా మనస్సు నిండుతుంది. కాని అది చూపించి "మిల్లర్ చెప్పినది మనకు ముందే తెలుసు" అని ఫోన్లలో తిరిగే సందేశములు మాకు నచ్చవు. తెలిస్తే ఆ సీసా మనమే ఎందుకు పెట్టలేదు? అల్లాహ్ గ్రంథము కెమిస్ట్రీ గైడు కాదు. ఈ సంవత్సరపు సిద్ధాంతముతో దానిని ముడి వేస్తే, వచ్చే సంవత్సరము సిద్ధాంతము మారినప్పుడు ముడి ఎవరు విప్పాలి?

మన కడపలో వానలు లేని ఏడు ఏమి చేస్తాము? ఈద్‌గాహ్‌లో చేరి నమాజె ఇస్తిస్ఖా చదువుతాము. అరచేతులు తిరగవేసి దుఆ చేస్తాము. మరునాడు ఉదయము బడికి పోయి మేమే బ్లాక్‌బోర్డు మీద సముద్రము గీసి, సూర్యుడు గీసి, ఆవిరి, మేఘము, నైఋతి ఋతుపవనాలు అని చెప్తాము. "సర్, ఆవిరితో వాన పడితే నిన్న నమాజు ఎందుకు?" అని ఏ తండ్రీ మా మీదికి రాలేదు. వాన ఎట్లు కురియునో తెలిసినంత మాత్రాన వాన ఇచ్చినవాడు లేకుండా పోడని ఎద్దు తోలే రైతుకు కూడా తెలుసు. స్కానింగులో బిడ్డ గుండె కొట్టుకొనుట చూచి వచ్చి కూడా అల్లాహ్ ఇచ్చాడనే అంటాము. వానకు ఒప్పుకున్నది, బిడ్డకు ఒప్పుకున్నది, మొదటి జీవానికి ఎందుకు ఒప్పుకోము? దూరము ఎక్కువ, అంతే. ఎట్లు అనేది ఒక ప్రశ్న, ఎవరు అనేది ఇంకొక ప్రశ్న. మొదటిదానికి సీసా కావాలి. రెండవదానికి సీసా పనికి రాదు – దేవుడు ఉన్నాడని చెప్పుటకూ పనికి రాదు, లేడని చెప్పుటకూ పనికి రాదు. నాస్తిక మిత్రులకు కూడా ఈ మాట మనవి.

మరి మీరు ఎందుకు నమ్ముచున్నారు సర్, అని ఆ కుర్రవాడు మసీదులో రెండవ సవాలు వేశాడు. దానికి మా ఇంటి సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది.

మా అబ్బా వేంపల్లె ప్రక్కన కంకర క్వారీలో రాళ్ళు కొట్టేవారు. సంతకము రాదు. ఒకసారి క్వారీ నుండి ఒక రాయిని బండి మీద ఇంటికి తెచ్చారు. చదునుగా ఉన్నది, దాని మీద వంపు వంపులుగా, కోసిన ఉల్లిగడ్డ పొరల వలె గీతలు. "ఇది ఉట్టి రాయి కాదు బేటా, పెరిగిన రాయి" అన్నారు. పెరట్లో నీళ్ళ తొట్టి ప్రక్కన వేశారు. ఇరవై ఏండ్లు దాని మీద కూర్చొని ఐదు పూటలా వుజూ చేసుకున్నారు. మేమూ దాని మీదనే వుజూ నేర్చుకున్నాము. ఆయన మాటకు మేము లోలోపల నవ్వుకునేవారము. రాయి పెరుగుతుందా?

అబ్బా పోయిన తరువాత, భూగర్భశాస్త్రము చదువుచున్న ఒక పిల్లవాడు మా ఇంటికి వచ్చి చేతులు కడుక్కొనబోయి ఆగిపోయాడు. మోకాళ్ళ మీద కూర్చొని ఆ గీతలు వ్రేలితో తడిమి, "సర్, ఇది స్ట్రోమటోలైట్" అన్నాడు. పాపఘ్ని ఒడ్డున వేంపల్లె ప్రాంతపు రాతి పొరలలో ఇవి ఉన్నవని పుస్తకాల్లోనే కలదట. సుమారు 190 కోట్ల సంవత్సరాల క్రిందట ఇక్కడ లోతు లేని సముద్రము ఉండేదట. అందులో సూక్ష్మజీవులు జిగురు చాపల వలె పరచుకొని, మీద పడిన సున్నపు మన్నును పట్టి, మళ్ళీ దాని పైకి ఎదిగి, మళ్ళీ పట్టి, పొర మీద పొర కట్టినవట. అవి విడిచిన ప్రాణవాయువు కూడా చేరే మన గాలి ఇట్లు తయారైనదట.

పెరిగిన రాయి. సంతకము రాని మా అబ్బాకు కనబడినది, రెండు డిగ్రీలు చదివిన మాకు కనబడలేదు.

ఆ రోజు మగ్రిబ్‌కు ఆ రాయి మీద కూర్చొని మేము వుజూ చేసుకొంటుంటే చేతులు వణికినవి. 190 కోట్ల ఏండ్ల క్రిందట నీటిలో కదలాడిన ప్రాణము మీద కూర్చొని, అదే నీటితో ముఖము కడుక్కొని, మా అబ్బా ఇరవై ఏండ్లు ఎవరి ముందు నిలబడినారో వారి ముందే నిలబడబోవుచున్నాము. ఆ ప్రాణము రసాయనములలో నుండి వచ్చినదని రేపు ఎవరైనా పూర్తిగా రుజువు చేస్తే మా అబ్బా వుజూ చెల్లకుండా పోదు. మేము నమ్మునది సీసాలో ఏమి లేదు అనేదాన్ని బట్టి కాదు. ఆ గీతలు చూచినప్పుడు షుక్ర్ చేయాలనిపించును. షుక్ర్ చేయుటకు ఒకరు ఉండవలెను కదా. ఇది రుజువు కాదు. బ్లాక్‌బోర్డు మీద రాసి చూపలేము. మాకు ఉన్నది ఇదే, ఉన్నది ఉన్నట్లు చెప్పాము. మసీదులో ఆ కుర్రవాడికీ ఇదే చెప్పి, తొమ్మిదవ తరగతిలో కసిరినందుకు మాఫీ అడిగాము. వాడు, "ఆ రాయి చూపిస్తారా సర్?" అన్నాడు. తీసుకొనిపోయి చూపాము. తన మేనకోడలిని వెంటబెట్టుకొని వచ్చాడు. ఆ పిల్ల గీతలు లెక్క పెట్టబోయి ముప్పై దాటాక వదిలేసింది. ప్రస్తుతానికి కాలేజీకి పోవుచున్నది, ఇంట్లో మాట ఇంకా తెగలేదు. ఆమె పెద్దలు ఈ సభలో ఉంటే, వారిని కూడా మా ఇంటికి చాయ్‌కి రమ్మని మనవి.

ఇక కార్యవర్గము వారి మాట. ఆ పాఠము వదలవద్దని మా కోరిక. పరీక్షలో మార్కులు పోతాయి, అది నిజమే, నీట్‌కు కూడా కావాలి. అంతకంటె, మనము వదిలిన పాఠమును పిల్లలు వేరే చోట, మన ఈమాన్‌ను వెక్కిరించేవాడి నోట వింటారు. మన గదిలో, మన ఎదుట, అడగదలచినది అడుగుతూ వింటే మంచిది కాదా? ఫ్యాన్లు ఇచ్చిన పెద్దాయనకు ఇది మా వినతి. వచ్చే ఆదివారము అసర్ నమాజు తరువాత మేమే ఆ పాఠము చెప్తాము. ఆయన దయచేసి వచ్చి మొదటి వరుసలో కూర్చోవలెను. ఎక్కడ తప్పుగా తోస్తే అక్కడ ఆపవలెను. ఆ రాయిని రిక్షాలో తెప్పించే ఏర్పాటు చేశాము, బరువుగా ఉంటుంది, ఇద్దరు కుర్రవాళ్ళు దింపుటకు వస్తే చాలు.

అస్సలాము అలైకుమ్.